మామ కళ్ళానికి రాతి వేషం

ఆ రోజుల్లో మా ఊరిగాంలో గొప్పలు చెప్పుకోవలసిన అవసరం ఎవరికీ ఉండేది కాదు. నేల కింద రెండు మైళ్ళ లోతుకు దిగి, బంగారం తవ్వి, పైకొచ్చి చెయ్యి కడుక్కుని అన్నం తిన్న మనుషులున్న ఊరది. నిజమే అంత లోతున ఉంటే దాని పక్కన అబద్ధం ఎక్కడ నిలబడుతుంది? గనులు మూతపడ్డాకే మాకు కష్టం వచ్చింది. కొత్త నిజాలు పుట్టడం ఆగిపోయి, ఉన్న పాతవాటినే కాస్త ఊది, ఉబ్బించి వాడుకోవలసి వచ్చింది. ఆ విద్యలో నాది అందె వేసిన చెయ్యి అని ముందే ఒప్పుకుంటున్నాను. నేను వందమంది అంటే మీరు పదిమంది అనుకోండి, కొండ అంటే గుట్ట అనుకోండి. మా ఆవిడ నేను చెప్పే ప్రతి లెక్కనూ నాలుగుతో భాగించి వింటుంది (నా జీతాన్ని మాత్రం భాగించదు, అది భాగించడానికి లొంగేంత ఉంటే కదా). మీరూ అలాగే వినండి. అయితే ఇప్పుడు చెప్పబోయేది తలుచుకుంటే మాత్రం ఊదడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోతుంది.

గనుల ఆఫీసులో గుమాస్తాగా ఉన్న మా నాన్న, గనులతోపాటు తానూ మూతపడి, వరండాలో కుర్చీ వేసుకుని, బంగారం తీసేశాక గనివాళ్ళు పోసిన సైనైడు దిబ్బల మీదుగా వచ్చే దుమ్మును పేపరుతో విసురుకుంటూ కూర్చున్న కాలమది. నేను డిప్లొమా ముగించి (అది నన్ను ముగించకముందే బయటపడి) కోలారులో కొత్తగా తెరిచిన ఒక అంగట్లో పనికి కుదిరాను. ఆ అంగడివాళ్ళు చేసే పని వింటే మీరు నమ్మరు. పగుళ్ళిచ్చి, రంగు వెలిసిపోయిన పాత కాంక్రీటు నేలను పగలగొట్టకుండా, దాని మీదే వేలి మందాన కొత్త పూత పోస్తారు. ఆ పూత తడి ఆరకముందే రబ్బరు అచ్చులు వేసి అదిమితే, చెక్కిన రాతి బండలు పరిచినట్టు తయారవుతుంది. ముసలి నేలకు పెళ్ళికొడుకు వేషం వేయడమన్నమాట. యజమానిని అందరమూ ‘ధణి’ అనేవాళ్ళం. ఆయన నాకు ఒక టై, నాలుగు నమూనా పలకలున్న సంచీ, మూడు నెలల గడువు ఇచ్చాడు.

"మూడు నెలల్లో ఒక్క ఆర్డరు తేవాల. తెస్తే ఉద్యోగం ఉండాది. తేలేదా, ఊరిగాం బస్సు ఉండాది" అన్నాడు.

మూడు నెలల్లో రెండు నెలల ఇరవై రోజులు నేను ఎక్కని గడప లేదు. ఒక ఆసామి, "సిమెంటు మింద సిమెంటా? ఇంగ రొట్టె మింద పిండి పూసుకొని తినమంటావా?" అన్నాడు. మరొకాయన తన బట్టతలను ఒకసారి తడుముకుని, "పాతదాని మింద కొత్తది మొలిపించే పూత అంటివి కదప్పా, అదేదో ముందు ఈడ పూసి చూపించు" అని తల వంచాడు. రోజూ సాయంత్రం ఇంటికి వెళితే నాన్న ఏమీ అడిగేవాడు కాదు. పేపరు కాస్త పక్కకు జరిపి నా సంచీ వంక చూసేవాడు. ఆ ఇంట్లోకి రాబోయే జీతం ఇక నాదొక్కటే. ఆఖరి పది రోజులు మిగిలినప్పుడు, అంతవరకూ సిగ్గుపడి వెళ్ళని ఒకే ఒక్క చోటికి బయలుదేరాను. క్యాసంబళ్ళిలో ఉన్న మా మామ ఇంటికి. అమ్మకు అన్న. నాలుగు ఎకరాల రాగి చేను, చిన్న మామిడితోట, కొట్టం నిండా సీమావులు, ఆ ఆవులన్నీ ఒకేసారి అరిచినా వాటిని మించి వినిపించే గొంతు ఆయన ఆస్తి. ఇంటి ముందు మా తాత కాలంలో పోయించిన కాంక్రీటు కళ్ళం ఉండేది. అందులోని పగుళ్ళలో ఒకసారి కోడిపిల్ల జారిపడి, వారం తర్వాత కోడిపుంజై పైకి వచ్చిందని నేనే చాలామందికి చెప్పాను.

సంచీ బరువుకు బస్సు ఒక పక్కకు ఒరిగి నడిచింది. దిగి వాకిట్లో అడుగుపెట్టగానే మామ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏమప్పా అల్లుడా, మెడలో అదేంది? ఎవురన్నా కట్టేసినారా నిన్ను?"

"టై మామా."

"ఇప్పి ఇట్లియ్యి. ఆవు తలుగు తెగి పొద్దన్నుంచి అవస్థగా ఉండాది."

నేను పలకలు బయటికి తీశాను. ఒకటి మామ చేతిలో పెట్టి, ఇది రాయి కాదు మామా, సిమెంటు అన్నాను. మామ దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు, వాసన చూశాడు, బండకూ బండకూ మధ్య ఉన్న గాడిలో గోరు పెట్టి ఈ కొసనుంచి ఆ కొస దాకా నింపాదిగా గీశాడు. మా అవ్వ (మామకు తల్లి, ఆ ఇంటికి సర్వాధికారి) రోకలి తెచ్చి దాని నెత్తిన ఒకటి ఇచ్చింది. పలక పగల్లేదు. "రాయే" అని తీర్పు చెప్పి లోపలికి పోయింది. నేను ధైర్యం తెచ్చుకుని కళ్ళం కొలతలు తీసి, అడుగుకు ఇంత అని హెచ్చించి, మొత్తం ఎంతో కాగితం మీద చూపించాను. మామ రూపాయల్లో చెబితే అర్థం చేసుకునే మనిషి కాదు. కళ్ళు మూసుకుని, పెదాలు కదిలించి, ఆ అంకెను తన నాణెంలోకి మార్చుకున్నాడు.

"రెండు సీమావులు. అంటే రెండు సీమావుల్ని కరగబెట్టి వాకిట్లో పోసి, దాని మింద నేను నడవాల. అంతే కదా నువ్వు చెప్పేది?"

"పాతది పగలగొట్టి, ఆ రాళ్ళు తోలి, మళ్ళీ కొత్తది పోస్తే మూడావులవుతుంది మామా. ఇలా చేస్తే ఒక ఆవు మిగులుతుంది."

"చూసినావా అమ్మా!" అని మామ లోపలికి కేక వేశాడు. "లేని ఆవును మిగిలించి చేతిలో పెట్టినాడు నీ మనవడు. సదువంటే ఇదీ!" తర్వాత కాసేపు నవ్వి, నవ్వు ఆపి, "ఈ ఆర్డరు రాలేదంటే నీకు ఏమయితాది?" అని అడిగాడు. చెప్పాను. మామ మీసం ఒకసారి సవరించుకుని, ఆ యేటి మామిడికాయ గుత్తకు ఇచ్చిన దుడ్డు ఉండాదిలే, రాసుకో అన్నాడు. నేను ఆ క్షణంలో నా వాక్చాతుర్యానికి నేనే దండం పెట్టుకున్నాను.

పనికి వచ్చిన మేస్త్రీది మా ఊరి పక్క గని, చాంపియన్ రీఫ్స్. ఇరవై ఏళ్ళు గనిలో దిగినవాడు. అక్కడ ఆయన ఉద్యోగం ఏమిటంటే, మిగతావాళ్ళు పని మొదలుపెట్టే ముందు, ఇనుప గడ్డపారతో పైకప్పు రాతిని తట్టి వినడం. గట్టి రాయి ఒక రకంగా మోగుతుంది, ఊడి మీద పడబోయే రాయి ఇంకో రకంగా మోగుతుంది. ఆయన తల ఊపితేనే మనుషులు ముందుకు నడిచేవాళ్ళు. గని మూతపడ్డాక అదే చెవిని తీసుకుని పైకొచ్చేశాడు. ఇప్పుడు మామ కళ్ళంలో మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న సుత్తితో జానెడు జానెడుకూ తడుతూ, తల పక్కకు వాల్చి వింటూ జరిగాడు. ఆయన వింటున్నంతసేపూ క్యాసంబళ్ళిలో గాలి ఆగిపోయింది, ఆవులు నెమరు ఆపేశాయి, అవ్వ దగ్గు మింగింది. అక్కడక్కడా ఆగి, సుద్దముక్కతో గుండ్రాలు గీశాడు. నా లెక్కలో నలభై గుండ్రాలు. (నాలుగుతో భాగించుకోండి.)

"తంబీ, ఈ గుండ్రం ఉన్న చోటంతా లోపల ఖాళీ. పైది కిందిదాన్ని వదిలేసి ఉండాది. ఇదంతా తవ్వి, కడిగి, మళ్ళా నింపితేనే పూత" అన్నాడు.

"అలాగే పూసేస్తే?"

మేస్త్రీ నా వంక జాలిగా చూశాడు. "కింద వినకుండా పైన పని చేయకూడదు తంబీ. ఆడ అయితే మనిషి పోతాడు. ఈడ పూత పోతాది. రెండూ మళ్ళీ రావు."

తవ్వడానికీ నింపడానికీ అయ్యే ఖర్చు నా కాగితంలో ఒక్క గీత కూడా లేదు. పాత నేలకు కొత్త వేషం వేయడంలో వేషానికి కాదు, ఒళ్ళు తోమడానికే ఎక్కువ ఖర్చవుతుందన్న సంగతి నాకెవరూ చెప్పలేదు (చెప్పారేమో, నేను అప్పుడు టై ముడి నేర్చుకుంటూ ఉన్నాను). ధణికి ఫోను చేశాను. ఆయన అరిచిన అరుపు ఫోనులోంచి దూకి, కళ్ళం దాటి, కొట్టం దాకా పోయింది. కాగితంలో రాయని ఖర్చు నీ జీతంలో కోసుకుంటాను, అసలు జీతం ఉంటే కదా అని సారాంశం.

"ఎవురప్పా ఫోనులో అరిచేది?" అన్నాడు మామ, తనకు పోటీ వచ్చినవాడి గురించి తెలుసుకోవాలన్నంత ఆసక్తిగా. విషయం విని, గడ్డం గోక్కున్నాడు. "సరే. రెండావులకూ ఒక దూడను కలిపి రాసుకో. గుండ్రాలు మాత్రం ఒక్కటీ వదలొద్దని చెప్పు ఆ మేస్త్రీకి. ఆయప్ప మంచి చెవిగలోడు."

అచ్చులు వేసే రోజును వర్ణించడానికి నేను ఇప్పటికి ఇరవై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నాను. పూత పోసి, సమంగా లాగి, మేస్త్రీ గట్టున కూర్చున్నాడు. అది మరీ తడిగా ఉంటే అచ్చు మునిగిపోతుంది, మరీ ఆరితే అచ్చు దిగదు. మధ్యలో ఎక్కడో ఒక ఘడియ ఉంది, దాన్ని పట్టుకోవాలి. మేస్త్రీ బొటనవేలితో ఒకచోట నొక్కి చూసి లేవబోయాడు. అంతలో అవ్వ వచ్చి, వంగి, తాను కూడా ఒక వేలు పెట్టి చూసి, "కూచో నాయనా. ఇంగా పదను రాలేదు. సంగటి కెలికేటప్పుడు కర్రకు అంటుకోకుండా వదలాల, అప్పుడూ" అంది. గనిలో వెయ్యిమంది ప్రాణాలు చెవిలో పెట్టుకుని తిరిగిన మనిషి, మళ్ళీ గట్టున చతికిలబడ్డాడు. కాసేపటికి అవ్వ మళ్ళీ వేలు పెట్టి చూసి తల ఊపింది. మేస్త్రీ లేచాడు.

ముందు రంగు పొడి చల్లాడు. గుప్పిట్లోంచి, జాతరలో పసుపు చల్లినట్టు. గాలి ఎర్రబడింది, మా మామ మీసం ఎర్రబడింది, కొట్టంలో తెల్లావు కపిల గోవయింది. తర్వాత చాపంత రబ్బరు అచ్చు పరిచి, దాని మీదికి ఎక్కి, దిమ్మిసతో దబదబ దంచాడు. పక్కన ఇంకొకటి, దాని పక్కన ఇంకొకటి. అప్పటికి ఊరంతా గోడల మీద ఉంది. మొదటి అచ్చు అంచు పట్టుకుని ఆయన మెల్లగా, నిద్రపోతున్న బిడ్డ మీది దుప్పటి తీసినట్టు పైకెత్తాడు. కింద రాయి ఉంది. నిన్నటిదాకా పగిలిన సిమెంటు ఉన్న చోట, వెయ్యేళ్ళ కిందట ఏ రాజో కొండలోంచి తెప్పించి, శిల్పులతో చెక్కించి, ఏనుగులతో తొక్కించి పరిపించినట్టున్న రాతి బండలు. వాటికి నరాలున్నాయి, అంచులు అరిగిపోయి ఉన్నాయి, మధ్యలో చీకటి గాడులున్నాయి. గోడల మీదివాళ్ళు మెడలు చాచారు. ఊదడమే వృత్తిగా ఉన్న నేను ఊపిరి బిగబట్టాను. అవ్వ రెండు చేతులూ జోడించి, "నిన్న బూడిద. ఈ పొద్దు బండ. దేముడికి కూడా ఇంత బిరీన చేతకాలేదు కదరా" అంది.

తర్వాతి నెలన్నర ఆ కళ్ళం మీద ఎవరూ చెప్పులతో నడవలేదు. పక్క ఊళ్ళనుంచి బండ్లు కట్టుకుని వచ్చి చూసి పోయారు. తెల్లావు అవి నిజం బండలేననుకుని, కాలు జారుతుందని, చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టింది. నా ఉద్యోగం అప్పటికి నిలబడింది. నాన్న పేపరు పూర్తిగా మడిచి పక్కన పెట్టి, "ఏ ఊళ్ళో, ఎన్ని అడుగులు?" అని అడిగాడు. నేను టై బిగించుకుని చెప్పాను.

అప్పుడు రాగి చేను కోతకు వచ్చింది.

అది వాకిలి కాదు, కళ్ళం అన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. రాగి గింజ సంగతి మీకు తెలుసు కదా, ఆవగింజకు ఆఖరి తమ్ముడు. నూర్చి, తూర్పారబట్టి, ఆరబోసిన రాగులు నేరుగా వెళ్ళి, రాజుగారి బండల మధ్య గాడుల్లో సుఖంగా పడుకున్నాయి. చీపురుతో ఊడిస్తే ఇంకా లోపలికి జరిగి సర్దుకున్నాయి. నేను ఆదివారం వెళ్ళేసరికి మామ బండల మధ్య గొంతుకూర్చుని ఉన్నాడు. "ఏమప్పా, రాగులు విత్తినట్టుండాదే గాని, ఆరబోసినట్టు లేదే!" అన్నాడు. నలభై ఏళ్ళు సేద్యం చేసిన మనిషి కూడా అందం చూసి మోసపోయాడే అని నాకు ఆశ్చర్యం వేసింది. అదే రోజు ధణి ఫోను చేసి, పొద్దున్నే వస్తున్నాననీ, కళ్ళం తళతళలాడుతూ ఉండాలనీ, దాన్ని బట్టే నన్ను ఉంచాలో పంపాలో తేలుస్తాననీ చెప్పాడు.

అవ్వ ఇవేమీ వినలేదు. ఆమె కాలంలో మట్టి కళ్ళం పగుళ్ళిస్తే, పేడ కలిపి, పలచగా అలికి, గాడులు మూసి, అప్పుడే గింజ పోసేవాళ్ళు. గింజ నేల పాలు కాకూడదు, అదొక్కటే ఆమె ధర్మం. మర్నాడు తెల్లవారి నేను లేచి వచ్చేసరికి రెండు సీమావులూ ఒక దూడా ఖరీదు చేసే రాజాస్థానం, ఈ చివరినుంచి ఆ చివరి దాకా, పచ్చటి పేడతో నున్నగా అలికి ఉంది. మూలన చిన్న ముగ్గు కూడా ఉంది. నేను మూర్ఛపోవడానికి స్థలం వెతుక్కుంటూ ఉండగానే కారు ఆగింది. ధణి, వెంట హెద్దారి (అదే, హైవే) పక్కన హోటలు కట్టుకున్న ఒక పెద్ద ఆసామి. హోటలు ముందున్న పాత కాంక్రీటు అంతటికీ ఇలాంటి పని చేయించాలని చూడ్డానికి వచ్చాడట.

"ఎవురప్పా మీరు? చెప్పులు ఇప్పండి, కళ్ళం ఇది" అంది అవ్వ. ఇద్దరూ విప్పారు. ధణి నా వంక తిరిగి, "యాడప్పా నీ డిజైను?" అని పళ్ళ మధ్యనుంచి అడిగాడు. నేను తొట్టి దగ్గరికి పరిగెత్తి, బిందెడు నీళ్ళు తెచ్చి గుమ్మరించాను. పేడ కరిగి పారింది. బండలు ఒక్కొక్కటే, మునిగిన ఊరు తేలినట్టు, పైకి వచ్చాయి. గాడుల్లో మాత్రం పేడ నిలిచిపోయి, నల్లగా, వందల వానలు తిన్న రాతి కట్టడంలా కనబడింది. హోటలు ఆసామి వంగి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, "ఇదీ కళ! ఈ పాతదనమే నాకు కావాల. గాడుల్లో వేసినారే, ఆ పూత ఏ కంపెనీది?" అన్నాడు. నేను కొట్టం వైపు చూశాను. తెల్లావు మర్యాదగా తల తిప్పుకుంది. ధణి క్షణం ఆలస్యం చేయకుండా, "అది స్పెషల్ సార్. అడుగుకు కొంచెం ఎక్కువ అయితాది" అన్నాడు.

ఇక ఇక్కడ ఆపి, ఒక్క నిజం చెప్పాలి. మేస్త్రీ చెవి నిజం, అవ్వ పదను నిజం, పేడ నిజం, ముగ్గు కూడా నిజం. కల్పించింది ఆ హోటలు ఆసామిని. అలాంటివాడెవడూ రాలేదు. ధణి ఒక్కడే వచ్చాడు, అంగట్లో పెట్టుకోవడానికి ఫొటో తీసుకుందామని. పేడ చూశాడు. నేను నీళ్ళు పొయ్యబోతే వద్దన్నాడు. "ఇదా పని? నువ్వింగ రావద్దులే" అని చాలా మెల్లగా అన్నాడు. అరిచి ఉంటే బాగుండేది. అప్పుడు మామ తువ్వాలు భుజాన వేసుకుని ముందుకొచ్చాడు.

"పనిలో వంక లేదు సారూ. పిల్లోడు గాడుల్లో గింజ ఇరుకుతాదని ముందే చెప్పినాడు. నేనే వినకుండా చేయించుకున్నా. ఈ పేడ మా అమ్మ ముచ్చట. మీరు మళ్ళా బేస్తవారం రండి, కడిగిస్తా, ఫొటో తీసుకుందురు. ఇట్లా పని ఈ జిల్లాలో యాడా లేదు. ఎవురడిగినా నేను చెప్తా."

నేను గాడుల సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మామ జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడటం అప్పుడే విన్నాను. ధణి ఆయన ముఖం, నా ముఖం మార్చి మార్చి చూసి, గురువారం వస్తానని కారెక్కాడు. ఆ ఉద్యోగం తర్వాత రెండేళ్ళు నిలిచింది.

కారు పోయాక మామ రెండు చీపురుపుల్లలు విరిచి, ఒకటి నాకిచ్చి, అవ్వ చేతికి అందక అలకకుండా మిగిలిన అంచు గాడి దగ్గర కూర్చున్నాడు. ఇద్దరమూ గింజలు తవ్వి తీస్తున్నాం. ఒక గాడి ఖాళీ చేశాక, "మామా, రాగులు ఇరుక్కుంటాయని నీకు ముందు తట్టలేదా?" అన్నాను.

"ఆ పొద్దు నువ్వు పలక చేతికిచ్చినప్పుడే తెలుసప్పా" అన్నాడు, తల ఎత్తకుండా. "గింజలదేముంది, ఏరుకోవచ్చు. ఉద్యోగం యాడ ఏరుకుంటావు?"

ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్పినప్పుడల్లా హోటలు ఆసామిని తెచ్చి, నవ్వించి, అక్కడే ముగించేవాణ్ణి. నా మాటకారితనంతో రెండావుల ఆర్డరు కొట్టుకొచ్చానని మురిసిపోతూ బస్సులో టై సర్దుకుంటున్న ఆ కుర్రవాణ్ణి చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దొస్తుంది కూడా. వాడికి పాపం తాను అమ్మిన సరుకే గాని, కొన్న మనిషి కనబడలేదు.